మే నెల ఎండలో ఫోను స్కోరెంత?



2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. జకారానికి ఞ వత్తు, దాని పక్కన కంటికి కనిపించని ఒక కంప్యూటర్ గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ వరుసలో ఉన్న సందేశం ఐఫోనుకు వచ్చిందంటే, దాన్ని తెరమీద చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ తెరుచుకునేది కాదు. నోటిఫికేషన్‌గా వస్తే హోం స్క్రీనే మళ్లీ మళ్లీ మొదటికొచ్చేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 అనే అప్‌డేట్ విడుదల చేసి దాన్ని సరిదిద్దింది.

ఆనాటి ఐఫోన్ టెన్‌లో ఉన్న ఏ-11 చిప్, ఫోను వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ పరీక్షలో పోటీ ఫోన్లన్నిటికన్నా ముందుంది. అంత వేగమైన ఫోను మన ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయింది. కారణం చిప్ కాదు, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్. స్కోరు చెప్పే పరీక్షలో తెలుగు రాసి చూసే అంకం లేదు గనుక, ఆ లోపం ఆ పరీక్షకు చిక్కే అవకాశమే లేదు. వృత్తిగా రివ్యూలు చేసేవాళ్లు ఇచ్చే అంకెలకూ, ఆ ఫోనుతో మనం గడిపే రోజులకూ ఎంత పొత్తు ఉంది? ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

మా చోడవరం 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఊళ్లో ఏ సెల్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడ్డా ఒకే తరహా బేరం చెవిన పడుతుంది. కుర్రాడు ముందే యూట్యూబ్ చూసి వస్తాడు. "అన్నా, దీని అంటుటు ఎంత? ఎనిమిది లక్షలు దాటతాదా?" అంటాడు. డబ్బిచ్చే తండ్రి పక్కనే ఉంటాడు. ఆయన అడిగేది వేరు. "ఏటి బాబూ, మాట సరిగ్గా వినబడతాదా? చార్జింగు సాయంత్రం దాకా ఉంటాదా? ఎన్నేళ్లు వస్తాది?" కుర్రాడి ప్రశ్నకు జవాబు క్షణంలో దొరుకుతుంది. తండ్రి ప్రశ్నకు జవాబు చెప్పే పట్టిక మన దగ్గర ఎక్కడా లేదు. అటువంటి పట్టిక ఒకటి ఉండాలన్నది నా వాదన.

ముందుగా ఆ స్కోరు ఎలా వస్తుందో చూద్దాం. గీక్‌బెంచ్‌ను కెనడాలోని టొరంటో నగరానికి చెందిన ప్రైమేట్ ల్యాబ్స్ తయారుచేసింది. ఫైళ్లను కుదించడం, వెబ్ పేజీ తెరవడం, పీడీఎఫ్ చూపించడం, వీడియో కాల్‌లో మనిషి వెనక దృశ్యాన్ని మసకబరచడం లాంటి పనులు ఫోను చేత వరుసగా చేయిస్తారు. ఎంత త్వరగా చేసిందో చూసి అంకె ఇస్తారు. గీక్‌బెంచ్ 6లో ఇంటెల్ కోర్ ఐ7-12700 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ వేగాన్ని 2500గా పెట్టుకుని మిగతా అన్నిటినీ దానితో పోలుస్తారు. అంటుటు అయితే ప్రాసెసర్, గ్రాఫిక్స్, మెమరీ అన్నీ కలిపి లక్షల్లో ఒక మొత్తం చెబుతుంది. త్రీడీమార్క్ ఆటల బొమ్మలు ఎంత సాఫీగా కదులుతాయో చూస్తుంది. బెంచ్‌మార్క్‌లు అని పిలిచే ఇవన్నీ సాంకేతికంగా గట్టి పరీక్షలే. కాకపోతే పరీక్ష జరిగేది కొత్త ఫోనులో, ఖాళీ మెమరీతో, చల్లని గదిలో, కొద్ది నిమిషాల పాటు.

ఈ తేడా చెరుకు రైతుకు విడమరచి చెప్పక్కర్లేదు. తోటలో గడకు చిన్న బెజ్జం పెట్టి రెండు చుక్కల రసం చేతి రిఫ్రాక్టోమీటర్ మీద వేస్తే బ్రిక్స్ అంకె కనిపిస్తుంది. రసంలో కరిగి ఉన్న పదార్థం ఎంతో అది చెబుతుంది, అందులో చక్కెర కానిది కూడా ఉంటుంది. చివరికి బస్తాలోకి దిగే చక్కెర లెక్క వేరు. దాన్ని రికవరీ అంటారు. చెరుకు నరికి గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలిన రైతుకు తెలుసు, బండి యార్డులో ఎంతసేపు ఎండకు నిలబడితే రికవరీ అంత తగ్గుతుందని. కేంద్ర ప్రభుత్వం ధర కట్టేది కూడా రికవరీ మీదే: 2024-25 సీజన్‌కు 10.25 శాతం రికవరీ ఉంటే క్వింటాలుకు 340 రూపాయలు. బెంచ్‌మార్క్ స్కోరు తోటలో చూసిన బ్రిక్స్ లాంటిది. ఇంట్లో ఫోను వాడే మనిషికి కావలసింది రికవరీ.

పైగా ఆ అంకెను కూడా కంపెనీలు నిజాయితీగా ఉండనివ్వలేదు. 2013 జూలైలో ఆనంద్‌టెక్ పత్రిక శాంసంగ్ గెలాక్సీ ఎస్4 ఫోనును శోధించింది. మామూలు ఆటల్లో 480 మెగాహెర్ట్జ్ దాటని గ్రాఫిక్స్ చిప్, కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లు తెరవగానే 530 పైకి ఎగబాకుతోందని తేలింది. సాఫ్ట్‌వేర్ లోపల "బెంచ్‌మార్క్ బూస్టర్" అన్న పేరు కూడా దొరికింది. అమెరికాలో కేసు నడిచి 2019లో రాజీ కుదిరింది, కొనుక్కున్నవారికి తలా 10 డాలర్ల దాకా ఇచ్చేందుకు కంపెనీ ఒప్పుకుంది. 2018లో త్రీడీమార్క్‌ను నడిపే యూఎల్ సంస్థ ఇంకో ఉపాయం చేసింది. అదే పరీక్షను ఫోను గుర్తుపట్టలేని వేరే పేరుతో నడిపి చూసింది. హువావే, ఒప్పో ఫోన్లు కొన్నిటి స్కోరు బాగా పడిపోయింది. వాటిని తన జాబితా నుంచి తీసేసింది.

2021లో వచ్చిన వన్‌ప్లస్ 9 వ్యవహారం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. అక్కడ బెంచ్‌మార్క్‌ను వేగవంతం చేయలేదు. క్రోమ్ లాంటి రోజువారీ యాప్‌లను నెమ్మది చేశారు. బాగా వాడుకలో ఉన్న 300 యాప్‌లకు అవసరమైనంత శక్తే ఇస్తున్నాం, బ్యాటరీ ఆదా కోసం, వేడి తగ్గడం కోసం అని కంపెనీ చెప్పింది. మరుసటి ఏడాది మార్చిలో శాంసంగ్ గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ విషయం బయటపడింది. దాదాపు 10 వేల యాప్‌ల పేర్లు అది వేగం తగ్గించే జాబితాలో ఉన్నాయి, బెంచ్‌మార్క్ యాప్‌లు మాత్రం లేవు. గీక్‌బెంచ్ సంస్థ ఎస్10 నుంచి ఎస్22 దాకా నాలుగు తరాల ఫోన్లను తన పట్టికల్లోంచి తొలగించింది. నిజం చెప్పాలంటే, క్రోమ్‌లో వార్త చదువుకునేటప్పుడు ఫోను నెమ్మదిగా నడిచి చల్లగా ఉంటే నాకు మేలే. ఆ పొదుపు స్కోరులో కూడా కనబడాలి కదా! దుకాణంలో అమ్మిన వేగం ఒకటి, జేబులో నడిచే వేగం ఇంకొకటి అయినప్పుడు ఏది ఎందుకు తగ్గిందో కొన్నవాడికి చెప్పి తీరాలి.

ఇక మా ఊరి ఎండ దగ్గరికి వద్దాం. తన ఫోన్లు 35 డిగ్రీల దాకా ఉన్న వాతావరణంలో వాడుకోవడానికి తయారైనవని ఆపిల్ సంస్థే చెబుతుంది. మే నెలలో మా వైపు నీడలోనే అంతకు మించి ఉంటుంది. రేకుల షెడ్డు కింద టిఫిన్ బండి నడిపే మనిషి ఫోను పొద్దుటి నుంచి క్యూఆర్ కోడ్ పక్కనే, పొయ్యి సెగకు దగ్గరగా ఉంటుంది. చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇంకా వేడెక్కితే తెర వెలుగు తగ్గిపోతుంది, చార్జింగు ఆగిపోతుంది. ప్రకటనల్లో నాలుగు వేల నిట్స్ వెలుగు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ వెలుగు తెరలో చిన్న ముక్క మీద, కాసేపు వచ్చేది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు మడిగట్టు మీద నిలబడి ఈ-క్రాప్ పంట నమోదు వివరాలు చూసుకునే రైతుకు, అరచేయి అడ్డం పెట్టుకున్నా అక్షరం కనబడదు. పగటి వేడి లిథియం బ్యాటరీ ఆయువును కూడా తినేస్తుంది. మొదటి వేసవిలో తెలియదు, రెండో వేసవి దాటాక మధ్యాహ్నానికే చార్జింగు పెట్టాల్సి వస్తుంది.

సిగ్నలు సంగతి మరీ ముఖ్యం, రివ్యూల్లో మరీ తక్కువగా కనిపించేది కూడా అదే. టవర్ దగ్గరుంటే ఫోను అతి తక్కువ శక్తితో మాట్లాడుకుంటుంది. దూరమయ్యేకొద్దీ గొంతు పెంచి, 4జీలో 200 మిల్లీవాట్ల దాకా పోతుంది. 2022 డిసెంబర్‌లో విశాఖకు 5జీ వచ్చింది. అక్కడ బ్యాటరీ రాత్రి దాకా ఆగే ఫోనే మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కే సరికి, టవర్ కోసం వెతుక్కుంటూ, 5జీకీ 4జీకీ మధ్య మారుతూ, జేబులో ఊరికే ఉండి కూడా సగానికి దిగిపోతుంది. బ్యాటరీ పరీక్షలు ఎక్కువగా వైఫై మీద చేస్తారు. వైఫై అన్న మాటే లేని ఇళ్లకు ఆ గంటల లెక్క దేనికి పనికొస్తుంది?

మా ఊరి మీదుగా భీమునిపట్నం-నర్సీపట్నం రోడ్డు పోతుంది. బీఎన్ రోడ్డు అంటాం. దాని గోతుల గురించి ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. మోటార్ సైకిల్ హ్యాండిల్‌కు ఫోను బిగించుకుని దారి చూసుకుంటూ పార్సిళ్లు ఇచ్చే కుర్రాళ్లు ఉన్నారు. పెద్ద ఇంజిన్ల మోటార్ సైకిళ్ల అదురు ఫోను కెమెరాలో ఫొటో చెదరకుండా చూసే భాగాన్ని పాడుచేయవచ్చని 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ సంస్థ స్వయంగా హెచ్చరించింది. కెమెరాకు మార్కులు వేసే ఏ ప్రయోగశాలా ఆ అదురులో ఏడాది తిప్పి మార్కులు వేయదు.

ఈ మధ్య ఒక సాయంత్రం మా ఊళ్లో ఒక రిపేరు షాపులో కూర్చున్నాను. నీలం రబ్బరు చాప, దాని మీద భూతద్దం దీపం, పాత టూత్ బ్రష్షు, సీసా మూతల్లో విడివిడిగా ఆవగింజల్లాంటి స్క్రూలు. ఒకావిడ వచ్చి, "తమ్ముడూ, పిన్ను పోయినట్టుంది, చార్జింగు ఎక్కట్లేదు" అంది. అతను ఫోను తిరగేసి, సన్నటి సూదితో చార్జింగు రంధ్రంలోంచి నూగు బయటికి తీశాడు. చీర కొంగులో, సంచిలో, బియ్యం డబ్బా పక్కన ఉండే ఫోను కదా, బూడిద రంగు ఉండలా వచ్చింది. "పిన్ను పోలేదప్పా, నూగు నిండిపోయింది" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. తర్వాత వచ్చిన పెద్దాయన ఫోను వెనక మూత పైకి లేచి ఉంది. "బ్యాటరీ ఉబ్బింది మావా, ఇంక చార్జింగు పెట్టకు. రాత్రంతా పెట్టి తలగడ కింద ఉంచుతున్నావా?" అని మందలించాడు.

ఆ తర్వాత ఒక ముసలమ్మ. వేలు పడట్లేదంటుంది. రేషన్ దుకాణంలోనూ ఈ మాట వింటూనే ఉంటాం. కలుపు తీసీ, చెరుకు ఆకు దూసీ వేలిముద్రల గీతలు అరిగిపోయాయి. కొత్త ఫోను తెరుచుకోవడానికి సెకనులో పదోవంతు పడుతుందని రివ్యూలో చెబుతారు. ఆవిడ ఫోను బొటనవేలు పెట్టినా, చూపుడు వేలు పెట్టినా వద్దంటోంది. అతను వేలిముద్ర తీసేసి నాలుగంకెలు పెట్టి, ఆవిడ చేతే పలికిస్తూ, ఆవిడ చేతే నొక్కిస్తూ ఓపిగ్గా నేర్పాడు. మనవడు కొత్తది కొనుక్కుని పాతది ఆవిడకిచ్చాడట. మన ఇళ్లలో ఫోను ప్రయాణం ఇలాగే ఉంటుంది. కొడుకు వాడి తండ్రికిస్తాడు, తండ్రి నుంచి అమ్మకు చేరుతుంది. రివ్యూ చేసే మనిషి చేతిలో అది వారమో రెండు వారాలో ఉంటుంది. అమ్మ చేతికొచ్చేసరికి మూడేళ్లు నిండి ఉంటాయి. ఆ మూడేళ్ల ఫోనును ఎవరూ రివ్యూ చేయరు.

"మీ దగ్గరికి ఎక్కువగా ఏం జబ్బులతో వస్తాయి?" అని అతన్ని అడిగాను. హ్యాంగ్ అవుతోందని వచ్చేవాటిలో చాలా వాటికి రోగం లేదన్నాడు. మెమరీ నిండిపోయి ఉంటుంది. గుడ్ మార్నింగ్ ఫొటోలు, పెళ్లి వీడియోలు, గ్రూపుల్లో వచ్చిన ప్రతిదీ వాట్సాప్ దింపుకుంటుంది. నిండిన స్టోరేజిలో కొత్తది రాయాలంటే ఫోను ముందు చోటు సర్దుకోవాలి, అందుకే ఈడ్చుకుంటూ నడుస్తుంది. మిగిలినవి కాంబో పోయినవి, అంటే తెర, టచ్ కలిపి ఒకే ముక్కగా మార్చాల్సినవి. నీళ్లలో పడ్డవి. అప్‌డేట్ వేశాక తెర మీద పచ్చ గీత పడ్డవి.

ఆ పచ్చ గీత మీద కొంచెం ఆగాలి. 2023, 24 సంవత్సరాల్లో కొన్ని కంపెనీల ఫోన్లలో, కొన్న ఏడాదికో రెండేళ్లకో, ఉన్నట్టుండి తెర నిలువునా పచ్చ గీత కనిపించడం మొదలైంది. వన్‌ప్లస్ వాడేవాళ్లు ఈ బాధ ఎక్కువగా చెప్పారు. 2024 ఏప్రిల్‌లో దక్షిణ భారత సంఘటిత రిటైలర్ల సంఘం వన్‌ప్లస్‌కు లేఖ రాసింది. లాభం మరీ తక్కువ ఇస్తున్నారు, వారంటీ క్లెయిములు తేలడం లేదు, మే 1 నుంచి మీ ఫోన్లు అమ్మం అని. ఆంధ్ర, తెలంగాణ దుకాణాలు కూడా అందులో ఉన్నాయి. కొన్నవాళ్లు గొడవపెట్టుకునేది కౌంటర్ దగ్గరే కదా, బాధ దుకాణదారుకూ తగిలింది. ఆ జూలైలో పచ్చ గీతకు ఫోను ఉన్నన్నాళ్లూ వారంటీ ఇస్తామని కంపెనీ ప్రకటించింది. విడుదలైన వారంలో ఈ ఫోన్లకు మంచి రివ్యూలు రాసినవారిది తప్పు కాదు. వాళ్లు చూసిన తెర మీద గీత లేదు. రెండేళ్ల తర్వాత వచ్చే జబ్బు రెండు వారాల పరీక్షలో దొరకదు.

రివ్యూలు చేసేవారి మీద నాకు కోపం లేదు. వాళ్ల కృషి వల్లే ఈ కబుర్లు తెలుగులోకి వచ్చాయి. గోదావరిఖని సయ్యద్ హఫీజ్ నడిపే తెలుగు టెక్‌ట్యూట్స్, ప్రసాద్‌టెక్ ఇన్ తెలుగు లాంటి చానళ్లు లేకపోతే ర్యామ్ అంటే ఏమిటో, స్టోరేజి అంటే ఏమిటో పల్లెల్లో కుర్రాళ్లకు ఇంత తేలిగ్గా తెలిసేది కాదు. చిక్కు ఆ పని జరిగే తీరులో ఉంది. ఫోను చాలాసార్లు కంపెనీ నుంచే వస్తుంది. ఫలానా రోజు, ఫలానా గంట దాకా నోరు విప్పకూడదన్న షరతు ఉంటుంది. ఆ గంట కొట్టగానే అందరూ ఒకేసారి వీడియో పెట్టాలి, ఆలస్యమైతే చూసేవాళ్లుండరు. తీరిగ్గా ఏడాది వాడి చెబుదామనుకున్న మనిషికి ఈ పోటీలో చోటు దొరకడం కష్టం. కంపెనీ దగ్గర డబ్బో వస్తువో ఉచితంగా తీసుకుని చెబితే ఆ సంగతి స్పష్టంగా వెల్లడించాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో చెప్పింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా చెప్పింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మొదటిసారికి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. వీడియో చూసేటప్పుడు ఆ వెల్లడి ఉందో లేదో మొదటి నిమిషంలో గమనించండి.

పేరు ఒకటే అయినా ఫోను ఒకటే కాకపోవచ్చు. 2021లో గెలాక్సీ ఎస్21 అమెరికాలో స్నాప్‌డ్రాగన్ 888 చిప్‌తో వచ్చింది, మన దేశంలో ఎక్సినోస్ 2100తో వచ్చింది. అక్కడి రివ్యూ చూసి ఇక్కడ కొన్నవారి చేతికి వేరే చిప్ అందింది. 2017లో హువావే పీ10 కొన్న వారిలో కొందరికి వేగమైన స్టోరేజి, కొందరికి నెమ్మది స్టోరేజి వచ్చిందని బయటపడి పెద్ద గొడవైంది. అట్ట పెట్టె మీద తేడా ఏమీ లేదు.

ఫోను కొందరికి కాలక్షేపం, కొందరికి ఆ రోజు కూలి. ఉపాధి హామీ పనులకు 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ యాప్‌లో హాజరు తప్పనిసరి అయింది. మేట్ తన ఫోనుతో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. చెరువు పని దగ్గర సిగ్నలు లేకపోతే, ఫోను వేడెక్కి యాప్ మూసుకుపోతే, గట్టు ఎక్కి, చెట్టు కిందికి పోయి, మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. ఫొటో ఎక్కకపోతే పని చేసిన మనిషి కూలే చిక్కులో పడుతుంది. అంగన్‌వాడీల్లో వాడే పోషణ్ ట్రాకర్ యాప్ 2021లో వచ్చింది. ఆ ఏడాదే మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో తమకిచ్చిన ఫోన్లు ప్రభుత్వానికి తిరిగిచ్చేశారు. 2 జీబీ ర్యామ్ చాలడం లేదు, వేడెక్కుతున్నాయి, యాప్ ఇంగ్లీషులో ఉంది అన్నది వాళ్ల గోడు. ఇంతకు మించిన నిజమైన ఫోను పరీక్ష ఇంకేముంటుంది! పరీక్ష చేసినవాళ్లు వేలమంది, చేసింది నెలల తరబడి, అదీ అసలైన పని మీద. ఆ తీర్పును కొనుగోలుకు ముందే ఎవరైనా అడిగి ఉంటే ఎంత డబ్బు, ఎంత శ్రమ మిగిలేది!

బెంచ్‌మార్క్‌లను పక్కన పారేయమని నేను అనడం లేదు. వాటి విలువ నాకు బాగా అర్థమైంది 2017లో. బ్యాటరీ మార్చాక తన ఐఫోన్ 6ఎస్ గీక్‌బెంచ్ స్కోరు ఒక్కసారిగా పెరిగిందని ఒక సాధారణ వినియోగదారు గమనించి చెప్పాడు. ప్రైమేట్ ల్యాబ్స్ స్థాపకుడు జాన్ పూల్ తన దగ్గర పోగైన స్కోర్లన్నీ తీసి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ల వారీగా గీతలు గీసి చూశాడు. కొన్ని వెర్షన్ల తర్వాత చాలా ఫోన్లు కింది మెట్లకు దిగిపోయినట్టు తేలింది. బ్యాటరీ పాతబడితే ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా వేగం తగ్గిస్తున్నామని ఆపిల్ అప్పుడు ఒప్పుకుంది. డిసెంబర్ 28న క్షమాపణ చెప్పింది. మన దేశంలో 6,500 రూపాయలున్న బ్యాటరీ మార్పిడి ధర 2,000కు, పైన పన్నుతో, తగ్గించింది. అమెరికాలో 2020లో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీకి ఒప్పుకుంది. "ఫోను మునుపటిలా లేదు" అని జనం ఏళ్లుగా అంటున్న మాటను అంతదాకా ఎవరూ పట్టించుకోలేదు. దానికి సాక్ష్యం ఇచ్చింది ఒక బెంచ్‌మార్క్. కాకపోతే అప్పుడు కొలిచింది జనం చేతుల్లో వాడుకలో ఉన్న పాత ఫోన్లను. ఆ ఒక్క మార్పుతో అదే కొలబద్ద మనవైపుకు వచ్చేసింది.

ఆ దిశగా ఇప్పుడు కొన్ని అడుగులు పడుతున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి ఫోను పెట్టె మీద ఒక లేబుల్ ఉండాలి. ఒక చార్జింగుతో ఎన్ని గంటలు, ఎన్నిసార్లు కింద పడితే తట్టుకుంటుంది, ఎన్ని చార్జింగుల దాకా బ్యాటరీ నిలబడుతుంది, రిపేరు ఎంత సులువు అన్నవి దానిమీద ఉంటాయి. 800 సార్లు పూర్తిగా చార్జింగు చేశాక కూడా బ్యాటరీలో కనీసం 80 శాతం సామర్థ్యం మిగలాలన్నది అక్కడి నియమం. మన దేశంలోనూ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2024లో రిపేరు సులువును అంకెగా చెప్పే సూచిక కోసం కమిటీ వేసింది, 2025 మేలో నివేదిక అందింది. అది చట్టంగా మారి పెట్టె మీదికి ఎక్కాలని, తెలుగులో కూడా ఎక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. చోడవరంలో కాంబో దొరకక విశాఖ నుంచి తెప్పించుకునే మనిషికి, ఆ ముక్క ఎన్ని రోజుల్లో, ఎంతకు వస్తుందో కొనేముందే తెలియాలి.

అంతదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటి ఉంది. అనకాపల్లి, విశాఖ చుట్టుపక్కల ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఆ పిల్లలు కొత్త ఫోన్ల జోలికి పోకుండా, ఇంటినుంచి మూడేళ్లు వాడిన ఫోన్లు తేవాలి. మే నెల మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పెట్టి, అరగంట తర్వాత యూపీఐలో పది రూపాయలు పంపడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. స్టోరేజి దాదాపు నింపి అదే పని మళ్లీ చేయాలి. మాడుగుల కొండల కింద నిలబడి ఒక కాల్ చేసి అవతలివారికి మాట తెగకుండా వినబడిందా అని అడగాలి. మా ఉత్తరాంధ్ర యాసలో పది మాటలు పలికి, వాయిస్ టైపింగ్ ఎన్నిటిని సరిగ్గా రాసిందో లెక్కపెట్టాలి. పొలం పని చేసే అమ్మల వేళ్లలో ఎన్నిటిని ఆ ఫోను గుర్తుపట్టిందో చూడాలి. బ్యాటరీ మార్చడానికి ఊళ్లో ఎంత తీసుకుంటారో రిపేరు షాపులో కనుక్కోవాలి. వచ్చిన అంకెలన్నీ మోడల్ పేరుతో సహా ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి, సెల్ షాపుల్లో కౌంటర్ పక్కన గోడకు అంటించాలి. కుర్రాడు అంటుటు చూసుకుంటాడు, పక్కన నిలబడ్డ తండ్రి ఆ కాగితం చదువుకుంటాడు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు, ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. ఫోన్లకు లోటు లేదు, మూలన పడేసిన పాత ఫోను లేని ఇల్లు మా ఊళ్లో తక్కువ.